పెట్టె అన్న మా తమ్ముడు, డబ్బా అన్న రామ్‌సింగ్

ఏన్కూరుకు రైలు లేదు. ఈ సంగతి మా తమ్ముడు వెంకటరామారావుకు తప్ప మండలంలో అందరికీ తెలుసు.

చెప్పేవాళ్లు లేక కాదు. నేనే ఎన్నోసార్లు చెప్పాను. "ఒరే, మనకు బస్సుందిగా. అది చాలదా?" అంటే, "బస్సుకు పట్టాలుంటాయా అక్కా?" అని నాకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూసేవాడు.

మా నాన్న కోస్తా నుంచి ఇటు వలసొచ్చి అడవి పక్కన నేల కొన్నప్పుడు వాడు చొక్కా లేకుండా తిరిగే వయసు. కొన్నాళ్లకు ఎవరో కొలతలవాళ్లు మూడు కాళ్ల స్టాండు, దుర్భిణి పట్టుకుని మా చేలోకి దిగారు. ఇటు నుంచి భద్రాచలం దాకా రైలు పడుతుందన్నారు. మిరప చేను మధ్యలో సున్నం కొట్టిన రాళ్లు పాతారు. అమ్మ మజ్జిగ పోసింది, నాన్న భోజనం పెట్టాడు. వాళ్లు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, మళ్లీ ఈ దిక్కు చూడలేదు. రాళ్లు మాత్రం మిగిలాయి. మా తమ్ముడు రోజూ వెళ్లి ఆ రాళ్ల పక్కన నిలబడి బండి కోసం చూసేవాడు. చూసి చూసి విసుగొచ్చి నాన్నే ఆ రాళ్లు పీకి బట్టలుతికే చోట వేశాడు. దానికి వాడు నాన్నతో చాన్నాళ్లు మాట్లాడలేదు.

అలాంటివాడు పెద్దయి ఏమవుతాడు? మిర్చి రైతయ్యాడు. తర్వాత పామాయిల్ తోట వేశాడు. గెలలు మోసి మోసి చేతులు చేటలంత అయ్యాయి. ప్రసూనను చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, వాళ్లకూ పెళ్లిళ్లు చేశాడు. నన్నూ ఈ ఊళ్లోనే ఇచ్చారు కాబట్టి వాడి ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. వాడి బతుకులో నేను చూడనిది లేదు, చూసి ఊరుకున్నదీ లేదు. ఏ పిచ్చీ బయటపడకుండానే ముసలివాడయ్యాడని ఒకనాడు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నాను. తొందరపడ్డాను.

చేతికి పెద్ద ఫోను వచ్చాక వాడికి ఒక సంగతి తెలిసింది. తనలాంటివాళ్లు రాష్ట్రమంతా ఉన్నారని. ఇళ్లల్లో బల్లలు వేసుకుని, వాటి మీద బొమ్మ రైళ్లు నడుపుకునే పెద్దమనుషులు. మీసాలున్నవాళ్లే, మనవలున్నవాళ్లే. వాళ్లందరికీ ఫోనులో ఒక గుంపు. పేరు రైలుబొమ్మల మిత్రమండలి. దానికి పెద్ద ఎవరంటే, ఖమ్మంలో కరెంటు సామాన్ల కొట్టు నడిపే బాలకృష్ణ.

మిత్రమండలి అని పేరే గాని అందులో మిత్రత్వం నాకెప్పుడూ వినపడలేదు. మా తమ్ముడికి కొంచెం చెవుడు కాబట్టి ఫోను గట్టిగా పెడతాడు, గోడ ఇవతల నాకు అంతా వినిపిస్తుంది. గుంటూరాయన గూడ్సు బండి అంటాడు. వరంగల్లాయన "గూడ్సేంది, మాల్‌గాడి అనాలె" అంటాడు. ఒకాయన పోర్టరు బొమ్మ చేసి ఫోటో పెడితే ఇంకొకాయన "హమాలీ మంచిగున్నడు" అని మెచ్చుకుంటాడు. మెచ్చుకున్నందుకు మొదటాయనకు కోపం. గుంతకల్లు నుంచి ఒకాయన పొద్దున్నే లేచి, వీళ్లెవరికీ రైలు గురించి ఏమీ తెలియదని చెప్పి, టిఫిను తినడానికి వెళ్లిపోతాడు. బొమ్మలేమో ఒక్కటే. ఒకడు చేసింది ఇంకొకడికి నచ్చుతుంది కూడా. పేరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవడి తాత వాడికి గుర్తొస్తాడు.

ఆ గుంపుకు ఒక పటం ఉంది. బాలకృష్ణ కొట్టులో గోడకు తగిలించి ఉంటుందట. దాని మీద గీతలు, స్టేషన్ల పేర్లు. అసలు రైల్వేకు దానితో సంబంధం లేదు. మండలి మనుషులు ఇళ్లల్లో వేసుకున్న దారులన్నీ కలిపి గీసిన పటం. అందులో పేరెక్కాలంటే ఒక నియమం: బాలకృష్ణ స్వయంగా వచ్చి చూడాలి, ప్రయాణికులు ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలి, బండి ప్రతి స్టేషన్లోనూ ఆగాలి.

ఆ నియమం విన్ననాడే మా తమ్ముడు గోడ మీదుగా తల పెట్టి అన్నాడు: "అక్కా, ఏన్కూరు పేరు రైలు పటం మీదికి ఎక్కిస్తా."

"ఎక్కించు. తర్వాత దిగి వచ్చి ఆవుకు నీళ్లు పెట్టు," అన్నాను.

వాడు నవ్వలేదు. వాడి కళ్లు చూస్తే నాకూ నవ్వాలనిపించలేదు. ఆ మొహం నాకు తెలుసు. అసలు రైలు వాడు బతికుండగా రాదు. కాగితం మీదైనా ఒక్కసారి ఏన్కూరు అని రాసి, దాని పక్కన స్టేషను చుక్క పెడితే చూడాలని ఉంది. అంతే వాడి కోరిక. మనిషి ఇంతకాలం బతికి అడిగేది ఒక చుక్కే అయితే అక్కనై ఉండి ఏమనను?

ఇక రామ్‌సింగ్ సంగతి. ఊరి పక్క తండాలో ఉంటాడు, బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మనిషి సన్నగా, తీగలా ఉంటాడు. టికెట్లు చింపి చింపి వేళ్లు కూడా అలాగే అయ్యాయి. వాడికీ ఇదే పిచ్చి. ఇద్దరూ రోజూ ఒకే బండి దగ్గర టీ తాగుతారు, ఒకే దవాఖానాకు పోతారు, అయినా ఒకరి రహస్యం ఒకరికి తెలియదు. చివరికి ఫోను గుంపులో కలుసుకున్నారు. "ఏన్కూరు నుంచి రామ్‌సింగ్ ఎవరబ్బా" అని మా తమ్ముడు రాస్తే, "వెనక్కి తిరిగి చూడన్నా, నీ బల్ల మీదనే కూసున్న" అని జవాబొచ్చిందట.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ కొత్తగా పెళ్లయినవాళ్లలా ఒకరినొకరు వదలలేదు. దారి ఖాయం చేశారు: ఖమ్మంలో బయలుదేరి, ఏన్కూరు మీదుగా, అడవి దాటి, గోదావరి దాటి, భద్రాచలం. మా తమ్ముడి మిరపకాయల కొట్టంలో పని మొదలైంది. మిర్చి నింపిన టిక్కీ బస్తాలు ఒక పక్కకు జరిపి బల్లలు వేశారు. ఆ ఘాటుకు ఇద్దరూ తుమ్ముతూనే పనిచేసేవాళ్లు. నేను మజ్జిగ పట్టుకుని వెళ్లేసరికి మొదటి గొడవ జరుగుతోంది.

"పెట్టెలు ఎన్ని చేద్దాం?" అన్నాడు మా తమ్ముడు.

"ఏం పెట్టెలన్నా? బట్టలు పెట్టుకునేటియా?" అన్నాడు రామ్‌సింగ్.

"రైలు పెట్టెలయ్యా."

"గవి డబ్బాలు. రైలుకు డబ్బాలుంటయ్."

"డబ్బాలో పచ్చడుంటుంది. మనుషులుండరు."

"పెట్టెల మనుషులుంటరా మరి? పీనుగులుంటయ్!"

నేను మజ్జిగ అక్కడ పెట్టి, "బోగీ అని చావండిరా, ఇద్దరికీ సరిపోతుంది," అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఇంత అవమానం తమకెప్పుడూ జరగలేదన్నట్టు చూశారు. ఆ ఒక్క క్షణం మాత్రం వాళ్లిద్దరూ ఒకటే.

తర్వాత చక్రం వచ్చింది. రామ్‌సింగ్ గిర్ర అన్నాడు. వాగు మీద తూము వచ్చింది. అతను మోరీ అన్నాడు. సిగ్నల్ కంబాన్ని మా తమ్ముడు కైకాటి అంటే, రామ్‌సింగ్ బల్ల మీద చెయ్యి వేసి, "కైకాటా? గట్లంటే డ్రైవర్‌కు సమజైతదా? బండి ఆపడు, దిగి పారిపోతడు" అన్నాడు.

"మా నాన్న అట్లాగే అనేవాడు."

"మీ నాయన బండి నడిపిండా?"

"మీ నాయన నడిపాడా?"

ఇద్దరి నాయనలూ ఎడ్లబండి తప్ప ఏమీ నడపలేదు. నేను ఆ మాట అనేలోపు రామ్‌సింగ్ భార్య గోరి వచ్చింది. కొట్టం గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని కాసేపు విన్నది.

"అక్కా, ఈయన ఇంట్ల మాట్లాడేది మా తండా మాట," అంది నాతో. "డ్యూటీల మాట్లాడింది ఇంకో మాట. డబ్బా అన్నది గీయన తాతకు గూడ తెల్వది. గిప్పుడు దానికోసం గల్లా పట్టుకుంటుండు. ఆస్తి లెక్క."

"నా తమ్ముడు మాత్రం తక్కువా? అరవై ఏళ్లుగా ఈ నీళ్లు తాగుతున్నాడు. కూరగాయల బేరం మీ మాటలో చేస్తాడు, తిట్టేటప్పుడు మీ మాటలోనే తిడతాడు. రైలెక్కితే మాత్రం గుంటూరువాడవుతాడు."

"మొగోళ్లక్కా," అంది గోరి. అన్నీ అందులోనే చెప్పింది.

ఇక ఒకే చోట కూర్చుంటే ఇద్దరిలో ఒకరు పోతారని, దారిని సగానికి కోసి ఎవరి సగం వాళ్ల ఇంట్లో చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. ఖమ్మం నుంచి ఏన్కూరు దాకా మా తమ్ముడు. ఏన్కూరు నుంచి భద్రాచలం దాకా రామ్‌సింగ్. ఏన్కూరు ప్లాట్‌ఫారం చెరి సగం. మధ్యలో రెండు బల్లలూ కలుస్తాయి. ఇక తేలాల్సింది ఒక్కటే, పట్టాకూ పట్టాకూ మధ్య ఎడం ఎంత.

మా తమ్ముడు అంగుళాలన్నాడు. రామ్‌సింగ్ సెంటీమీటర్లన్నాడు. మళ్లీ మొదలైంది. అంగుళం తెల్లవాడిదని ఒకడు, సెంటీమీటరు మాత్రం తండాలో పుట్టిందా అని ఒకడు. చివరికి మా తమ్ముడు విసిగి చెయ్యి చాపి, "ఇదిగో, నాలుగు వేళ్లు. మిరప నారు నాటేటప్పుడు కొలవమా? నాలుగు వేళ్లు," అన్నాడు.

రామ్‌సింగ్ మొహం విచ్చుకుంది. "గిది మాట! నాలుగేళ్లు. మా అమ్మ రొట్టెలు గూడ గట్లనే కొలిచేది."

"నాలుగంటే ఎక్కడైనా నాలుగే."

"ఖమ్మంల నాలుగే, కలకత్తల నాలుగే!"

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఇన్నాళ్లకు ఒక్క మాట మీద ఒక్కటయ్యారని ప్రసూన టీలో చక్కెర ఎక్కువ వేసింది. నేను అక్కడే ఉన్నాను. నాకూ సబబుగానే తోచింది. మా ఇళ్లల్లో వడియాల నుంచి వాకిట్లో ముగ్గు దాకా అన్నీ వేళ్ల కొలతే. టేపు ఎవడు పట్టాడు?

పనులు సాగాయి. పట్టాలకు కర్టెన్లు తగిలించే అల్యూమినియం పట్టీలు కొన్నారు. ఇంజన్లకు పిల్లల బొమ్మ కార్ల మోటార్లు పీకారు. మా తమ్ముడు, పిల్లల పెళ్లిళ్లకు ప్రసూన చీరలు వచ్చిన అట్టపెట్టెలన్నీ కోసి తన పెట్టెలు చేశాడు. రామ్‌సింగ్ మంచినూనె డబ్బాల రేకు కోసి తన డబ్బాలు చేశాడు. ఎవరి మాట వాళ్లకు నిజమైంది. చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి, ఒకటి తడిస్తే చిరుగుతుంది, ఇంకొకటి ముట్టుకుంటే కోసుకుంటుంది.

ప్రయాణికుల్ని చేసే పని నాకూ గోరికీ పడింది. అగ్గిపుల్లకు పత్తి తల, చిన్న గుడ్డపీలిక చుట్టు. నేను చేసినవాళ్లందరూ పద్ధతిగా ఉన్నారు. గోరి చేసినవాళ్లు బక్కగా, మొహాన మచ్చలతో ఉన్నారు. ఆ మాట అంటే, "నీవోళ్లు టికెట్ కొనెటోళ్లు, నావోళ్లు మిత్తికి అప్పు తెచ్చుకొని పోయేటోళ్లు" అంది. ఆమెకు నోరు తక్కువేమీ కాదు.

అలా ఉండగా రామ్‌సింగ్ గుంపులో ఫోటో పెట్టి "డబ్బాలు తయారైనవి" అని రాశాడు. మా తమ్ముడు దాని కిందనే, "పెట్టెలు అనాలి" అని రాసి, నవ్వే బొమ్మ పెట్టాడు. గుంపంతా రెండుగా చీలింది. కోస్తావాళ్లందరూ నవ్వే బొమ్మలు పెట్టారు, వరంగల్లు వైపువాళ్లు ఏడ్చే బొమ్మలు పెట్టారు. గుంతకల్లాయన ఇద్దరికీ ఏమీ తెలియదన్నాడు. రామ్‌సింగ్‌కు మనసు నొచ్చింది. పదిమందిలో మాట పడ్డానని టీ తాగడం ఆ బండి దగ్గర మానేసి ఇంకో బండికి మారాడు. మా తమ్ముడు పోయి ఒక్క మాట అనొచ్చు. అనడే! వాడికి తెలుసు తప్పు తనదని. అందుకే ఇంకా బిగుసుకున్నాడు.

ఆ తర్వాత వాళ్ల మాటలన్నీ నా ద్వారానే.

"అక్కా, ఆయన స్టేషను ఎత్తు ఎంత పెడుతున్నాడో కనుక్కో."

"అక్కా, నీ తమ్మునికి చెప్పు, స్టేషన్ బల్లంత ఎత్తే ఉంటది, నా అంత ఎత్తు కాదు."

ఒకసారి ఇద్దరూ మా వాకిట్లోనే ఎదురెదురుగా నిలబడి నాతో మాట్లాడారు. వాడన్నది నేను వీడికి, వీడన్నది వాడికి చెప్పాలి. మధ్యలో నేను లోపలికి పోయి పొయ్యి మీద పప్పు చూసుకుని వచ్చాను. ఇద్దరూ అలాగే నిలబడి ఉన్నారు, నోరు మూసుకుని.

ఆదివారం బాలకృష్ణ వస్తున్నానన్నాడు. సోమవారం పటానికి కొత్తగా రంగులు వేయిస్తారట. ఇప్పుడు ఎక్కిన పేర్లే ఎక్కినట్టు, మళ్లీ ఎప్పుడు గీస్తారో తెలియదు. మా తమ్ముడు ఆ రోజు పొద్దున్నే తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, కొట్టంలో కూర్చున్నాడు. అన్నం తినలేదు. ప్రసూన వచ్చి, "వదినా, మీ తమ్ముడు పెళ్లిచూపులకు కూడా ఇంత భయపడలేదు," అంది. నేను పెట్టిన పులిహోర కూడా ముట్టలేదంటే అది నిజంగా భయమే.

రామ్‌సింగ్ సగం ట్రాక్టరు ట్రక్కులో వచ్చింది. గోరి ట్రక్కులో కూర్చుని గోదావరిని రెండు చేతులతో పట్టుకుంది. గోదావరంటే నీలం చీర. ఊళ్లోకి వచ్చాక వెలుతురులో దాన్ని పరకాయించి చూసి, అది తను దాచుకున్న మంచి చీరేనని గుర్తుపట్టింది. అక్కడి నుంచి కొట్టం దాకా రామ్‌సింగ్‌కు తండా మాటలో ఏం చెప్పిందో నాకు తెలియదు. అతను దిగేటప్పుడు మాత్రం చెమటలు కారుతున్నాయి.

బాలకృష్ణ పెద్దమనిషి, లావుపాటివాడు. గుమ్మంలో కాలు పెడుతూనే తుమ్మాడు. "ఏందమ్మా ఇది, స్టేషనా, మిర్చి యార్డా?" అన్నాడు.

"ఏన్కూరు స్టేషన్‌కు ఘాటు లేకపోతే ఎట్లా బాబూ? అలవాటు చేసుకో," అన్నాను.

రెండు బల్లలూ దగ్గరికి జరిపారు. ఇద్దరూ రెండు పక్కల మోకాళ్ల మీద కూర్చుని నెట్టారు. ప్లాట్‌ఫారం ప్లాట్‌ఫారానికి ఆనింది. ఒక పట్టా పట్టాకు చక్కగా ఆనింది. రెండోది ఆనలేదు. ఆనకపోవడమంటే జుట్టంత కాదు, మధ్యలో నా బొటనవేలు పడుతుంది. మా తమ్ముడి పట్టాల మధ్య ఎద్దు పోవచ్చు. రామ్‌సింగ్ పట్టాల మధ్య మేకపిల్ల ఇరుక్కుంటుంది.

తర్వాత మా తమ్ముడు నెమ్మదిగా తన నాలుగు వేళ్లు తన పట్టాల మధ్య పెట్టాడు. సరిపోయాయి. రామ్‌సింగ్ తన నాలుగు వేళ్లు తన పట్టాల మధ్య పెట్టాడు. అవీ సరిపోయాయి. ఇద్దరూ చేతులు పైకెత్తి ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు.

"అన్నా," అన్నాడు రామ్‌సింగ్. చాలా రోజుల తర్వాత నేరుగా మా తమ్ముడితో అన్న మొదటి మాట. "గవి ఏళ్లా, అరటికాయలా?"

"నీవి వేళ్లా? చీపురు పుల్లలా?"

"నాలుగేళ్లన్నవ్!"

"నాలుగే ఉన్నాయి, లెక్కపెట్టుకో!"

గోరి నా చెవిలో, "పేరు తేడా ఉన్న కాడ గల్లలు పట్టుకుండ్రు. సామాను తేడా ఉన్న కాడ చేతులు కలుపుకుండ్రు," అంది.

బాలకృష్ణ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంగి చూసి, తల అడ్డంగా ఊపాడు. "రామారావుగారూ, పని బ్రహ్మాండంగా చేసిండ్రు. కానీ బండి ఈ కొస నుంచి ఆ కొసకు పోదు కదా. పోతే కింద పడుద్ది. నేను ఎట్ల రాస్తా చెప్పండి? గుంతకల్లాయన నన్ను బతకనిస్తడా?"

మా తమ్ముడు మిర్చి టిక్కీ మీద కూలబడ్డాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకోలేదు. రామ్‌సింగ్ వచ్చి వాడి పక్కనే టిక్కీ మీద కూర్చున్నాడు. "అన్నా, నా దిక్కే మొత్తం పీకి మళ్ల చేస్త," అన్నాడు మెల్లగా. "రేపటికి అయితదా?" అన్నాడు మా తమ్ముడు. కాదని ఇద్దరికీ తెలుసు.

నాకు కోపం వచ్చింది. నాకు ఏడుపు రాబోయినప్పుడల్లా కోపం వస్తుంది. అది నా పద్ధతి.

"ఏమయ్యా బాలకృష్ణా," అన్నాను. "నువ్వు రాసుకున్న నియమం ఏంది? ఇంకోసారి చెప్పు."

"ప్రయాణికులు ఈ కొస నుంచి ఆ కొసకు చేరాలె. బండి ప్రతి స్టేషన్ల ఆగాలె."

"బండి పోవాలని ఎక్కడుంది? ప్రయాణికులు కదా పోవాల్సింది? మేం నరసరావుపేట వైపు నుంచి ఇటు వచ్చినప్పుడు చిన్న బండిలో బెజవాడ దాకా వచ్చాం. దాని పట్టాలు ఇరుకు. అక్కడ దిగి, బిందెలు, పరుపులు, కోళ్లగంప, ఇదిగో వీణ్ణి, అన్నీ దింపుకుని, పక్కన పెద్ద పట్టాల మీద ఉన్న పెద్ద బండి ఎక్కాం. మా నాన్న కోడిపుంజును పట్టుకోవడానికి ప్లాట్‌ఫారమంతా పరిగెత్తాడు. మేం రాలేదా మరి? నీ ఎదురుగా నిలబడ్డానా లేదా? ఆ దారి దారి కాదని అప్పుడు ఎవడన్నా వచ్చి మా మొహాన చెప్పాడా?"

బాలకృష్ణ రుమాలు దించేశాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. మనిషి మొహంలో అట్లాంటి ఆశ నేను పెళ్లి భోజనాల దగ్గర మాత్రమే చూశాను.

"గేజీ మారే జంక్షన్!" అన్నాడు. "అమ్మా... చిన్న గేజీ, పెద్ద గేజీ! ఇట్లాంటిది మా పటంల ఒక్కటి గూడ లేదు. ఎవనికీ లేదు! గుంతకల్లాయనకు గూడ లేదు!"

"ప్రతి స్టేషన్లో ఆగాలన్నావు. ఇక్కడ ఆగక చస్తుందా? పట్టా అక్కడితో అయిపోయింది."

"కరెక్టే! ప్రతి బండీ ఇక్కడ ఆగాల్సిందే! ఖమ్మంల ఆగకపోయినా ఏన్కూరుల ఆగాలె!"

మా తమ్ముడు లేచాడు. కళ్లజోడు వెతుక్కున్నాడు, అది చేతిలోనే ఉంది. "ఖమ్మంలో ఆగకపోయినా?" అని మళ్లీ అడిగాడు.

"కానీ నా కండ్ల ముందర చూడాలె," అన్నాడు బాలకృష్ణ. "ప్రయాణికులందరూ దిగాలె, ఎక్కాలె. ఒక్కడు గూడ మిగలొద్దు."

ఇక చూడాలి ఆ కొట్టం. మా తమ్ముడి బండి ఖమ్మంలో కదిలింది. అట్ట పెట్టెలు ఊగుతూ, తూము దాటి, కైకాటి దాటి, ఏన్కూరులో ఆగింది. అవతల పక్క రామ్‌సింగ్ నూనె రేకు బండి తయారుగా ఉంది. నేనూ గోరీ కొంగులు బిగించి అగ్గిపుల్ల మనుషుల్ని ఇటు తీసి అటు పెట్టడం మొదలుపెట్టాం. అంతలో బాలకృష్ణ తుమ్మాడు. ప్రయాణికుల్లో సగం మంది ప్లాట్‌ఫారం మీద వెల్లకిలా పడ్డారు, ఇద్దరు గోదావరిలో పోయారు.

"దిగండి, దిగండి! పెట్టెలు ఖాళీ చెయ్యండి! ముసలివాళ్లను ముందు దించండి!" అని మా తమ్ముడు అరుస్తున్నాడు.

"జల్దీ రాండ్రి! డబ్బాలల్ల మస్తు జాగున్నది! తోసుకోకుండ్రి, అందరికీ సీటిస్త!" అని రామ్‌సింగ్. కండక్టరు గొంతు ఎక్కడికి పోతుంది?

"అక్కా, గాయన నీవోడు, లావుగున్నడు, పడతలేడు!"

"నిలబెట్టు. టికెట్టు కొన్నాడుగా, ఏదో ఒకటి పట్టుకుని వస్తాడు!"

"గోదావరిల వడ్డోళ్లను ఏం జేద్దం?"

"వాళ్లు భద్రాచలంలోనే ఎక్కడో తేలతారు. రానీ!"

పెట్టెలు ఖాళీ అయ్యాయి, డబ్బాలు నిండాయి. ఆ గోలలో ఎవరూ ఎవరి మాటా దిద్దలేదు. ఇటువైపు పెట్టె, అటువైపు డబ్బా. దిగేవాడికి ఒక మాట, ఎక్కేవాడికి ఒక మాట, ఎవడికీ అనుమానం రాలేదు. రామ్‌సింగ్ వేలితో మీట నొక్కాడు. రేకు బండి గలగలమంటూ టేకాకుల అడవి దాటింది, మోరీ దాటింది, గోరి మంచి చీర మీదుగా పోయి, భద్రాచలంలో మూతి గోడకు కొట్టుకుని ఆగింది.

బాలకృష్ణ జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు, కాగితం అడిగే ఓపిక లేక: ఏన్కూరు జంక్షన్. "జంక్షన్‌కు చుక్క కాదు, పెద్ద సున్నా పెడతం," అన్నాడు. మా తమ్ముడు ఆ లావుపాటి అరచేతిని రెండు చేతులా పట్టుకుని, అది ఆయన చెయ్యి అన్న సంగతి మరిచిపోయి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన పాపం లాక్కోలేదు. మూడో తుమ్ము వస్తున్నా ఆపుకుని నిలబడ్డాడు.

"అన్నా, ఏడుస్తున్నవా?" అన్నాడు రామ్‌సింగ్.

"మిరపకాయలు," అన్నాడు మా తమ్ముడు.

పోయేముందు బాలకృష్ణ ఇంకో చిక్కు పెట్టాడు. జంక్షన్ అన్నాక స్టేషన్ మాస్టర్ ఒకరుండాలి, పేరు చెప్పండి, రాసుకుంటాను అన్నాడు. మా తమ్ముడు రామ్‌సింగ్‌ను చూశాడు. రామ్‌సింగ్ మా తమ్ముణ్ణి చూశాడు. ఆయన కింద ఈయన పనిచేయడు, ఈయన కింద ఆయన చేయడు. మళ్లీ చొక్కాలు పట్టుకునేలోపు, "హైమావతి అని నా పేరు రాసుకో బాబూ," అన్నాను. "చదువు తక్కువే. జెండా ఊపడానికి మూడో తరగతి చాలు."

ఎవరూ కాదనలేదు. ఎట్లా అంటారు?

అప్పటి నుంచి రోజూ సాయంత్రం కొట్టంలో నాకు డ్యూటీ. గోరి కూడా వస్తుంది. హమాలీ అంటే ఒప్పుకోదు, పోర్టరన్నా ఒప్పుకోదు, తను రైల్వేలో పెద్ద ఆఫీసరునని చెప్పుకుంటుంది. ఆమెకు రామ్‌సింగ్ కొత్త నీలం చీర కొనే దాకా గోదావరి మీద రాకపోకలు ఆమె దయ. నా చేతిలో పచ్చ జాకెట్టు గుడ్డ ఒకటి, ఎర్రది ఒకటి. పచ్చది ఊగితేనే ఇటు పెట్టెలు కదులుతాయి, అటు డబ్బాలు కదులుతాయి.

నిన్న ఊపలేదు. నేను గోడ మీదుగా అందించిన గోంగూర కూరలో ఉప్పెక్కువైందన్నాడు మా తమ్ముడు. ఖమ్మం బండి ఖమ్మంలోనే ఉంది.